కంది చేన్ల గంజాయి మొక్క

మన దోమ, తాండూరు దిక్కు కంది మనిషెత్తు పెరుగుతది. నడుమ నాలుగు గంజాయి మొక్కలు పెడితే గట్టు మీదికెళ్లి కనపడవు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం మాత్రం నాలుగా, నలభయ్యా అని చూడదు. సాగు చేస్తే పదేండ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జుర్మానా. రైతుబంధు ఆపుతమని 2021లనే సర్కారు చెప్పింది.

కౌలుకిచ్చి పట్నంల ఉన్నోళ్లూ వినాలె. మీ భూమిల మొక్కలున్నయని తెలిసీ చెప్పకపోతే 46వ సెక్షన్ కింద మీకూ శిక్షే. కనపడ్డ రోజే పోలీసులకు రాసిచ్చి, రసీదు తీసుకోండి.

విత్తనమిచ్చి సరుకు కొనుకపోయేటోణ్ణి కూడా పట్టాలని సంఘం అడుగుతది. అది మన కొట్లాట. అందాక, ఎవరి చేన్ల వాళ్లు సాళ్లెంబడి ఒకసారి నడిచి చూసుకోండి.