అద్దె ఇంట్లో మరో అద్దె



పనికోసం పట్నం చేరినవారికి ముందు కావలసింది తలదాచుకునే చోటు. ఇల్లు ఓ పట్టాన దొరకదు. దొరికినా అద్దె ఎక్కువ.

ఒక కుటుంబం రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంది అనుకుందాం. అద్దె భారమైంది. ముందు గదిని తమ ఊరివాళ్లకే ఇచ్చారు. నెలనెలా వాళ్ల దగ్గర అద్దె తీసుకుంటున్నారు. దీన్ని ఉప అద్దె అంటారు. ఇల్లుగలాయనకు వీళ్లు అద్దెకున్నవాళ్లు. ముందు గదివాళ్లకు మాత్రం వీళ్లే ఇల్లుగలవాళ్లు!

ఇందులో తప్పేముంది? ఇల్లు ఎవరిదో వారిని అడగలేదు. అదీ తప్పు.

ఆంధ్రప్రదేశ్‌లో 1960లో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. ఒప్పందంలో ఆ హక్కు లేకుండా, యజమాని రాసి ఇవ్వకుండా, ఇంటిని మరొకరికి అద్దెకిస్తే ఖాళీ చేయించవచ్చని ఆ చట్టం చెప్పింది. నోటిమాట చాలదన్నమాట.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇది నమూనా మాత్రమే. ఏ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే అక్కడ అమలవుతుంది. అందులో ఏముంది?

ఒకటి: ఉప అద్దెకు ఇవ్వాలంటే పాత ఒప్పందానికి తోడు మరో ఒప్పందం రాసుకోవాలి.

రెండు: ఆ సంగతి యజమాని, అద్దెకున్నవారు కలిసి 2 నెలల్లోగా అద్దె అధికారికి తెలపాలి.

మూడు: కాపురముండే ఇంటికి అడ్వాన్సు 2 నెలల అద్దెకు మించకూడదు.

దీనివల్ల గది ఇచ్చేవారికి రాతకోతల పని పెరుగుతుంది. యజమాని వద్దంటే గది ఇవ్వడానికి లేదు. కాని ఒప్పుకుని సంతకం చేశాక, యజమాని "నాకు తెలియదు" అనలేడు. గదిలోకి వచ్చినవారికీ కాగితం ఆధారం ఉంటుంది.

కాగితం లేకపోతే? యజమాని ఖాళీ చేయిస్తే రెండు కుటుంబాలూ వీధిన పడతాయి. ముందు గదివాళ్లు అడ్వాన్సు అడుగుతారు. అది ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది. ఊరివాళ్ల మధ్యే తగువు మొదలవుతుంది.

అందుకే గది ఇచ్చేవారైనా, తీసుకునేవారైనా ముందు ఒప్పందం చదవాలి. అద్దె ఎంత? అడ్వాన్సు ఎంత? గడువు ఎన్నాళ్లు? మరొకరికి ఇవ్వవచ్చా? ఈ నాలుగూ చూడాలి. తెలియని మాట ఉంటే అడగాలి. ఆ తర్వాతే సంతకం.

కాగితం ఒకటి మీ దగ్గర దాచుకోండి. నేర్చుకున్న చదువు ఇలాంటి చోటే అక్కరకొస్తుంది.