పెరటి వాలు, వాననీటి దారి



మెదకు పట్టణంలో కోటగుట్ట పక్కన, పెరడు ఎత్తుగాను యిల్లు పల్లంగాను వున్నవారితో నాలుగు మాటలు చెప్పదలచినాను.

30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల పెరటి మీద ఒక్క అంగుళం వాన పడితే ఎంత నీరో ఎప్పుడైనా లెక్క వేసినారా? సుమారు 2,800 లీటర్లు! చల్క నేల కొంత త్రాగుతుంది, నిజమే. మిగిలినదంతా వచ్చి వెనుకగోడ మొదట్లో చేరును. సిమెంటు గోడ అయితే చెమ్మ పట్టును; మట్టిగోడ అయితే కరుగును.

ఈ సంగతి నేను దెబ్బ తిని నేర్చుకొన్నాను. కూరపాదులకు బాగుంటుందని పైనుంచి మట్టి త్రవ్వి గోడకు ఆనించి పోసినాను. భాద్రపదంలో ఒక రాత్రి గోడ కూలింది. దూడను ముందురోజే వసారాలోకి మార్చినందువల్ల బ్రతికింది.

కాబట్టి పార పట్టకముందు నీరు ఎటు పోవాలో నిర్ణయించండి. వీధికాలువ దగ్గర మొదలుపెట్టి, మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో వెనక్కు మట్టం చూస్తూ రండి. అక్కడికి వాలు దొరకకపోతే ఎంత త్రవ్వినా దండగే. పక్కవారి దొడ్డిలోకి మాత్రం నీరు మళ్లించవద్దు. తగవు ఏండ్ల తరబడి తెగదు.

పని రోహిణి కార్తె లోపల ముగించండి. పైన వున్న ఆరు అంగుళాల మంచి మట్టిని తీసి వేరే కుప్ప పోయవలెను. దీనిని మరచినవారే ఎక్కువ! అడుగు మొరంలో వంకాయ కాయదు గదా. గోడ నుంచి 10 అడుగుల దూరానికి 6 అంగుళాలు దిగేటట్లు నేలను చెక్కి, అక్కడ అడ్డంగా ఒక కాలువ తీయండి. కాలువకు 100 అడుగులకు ఒక అడుగు వాలు చాలును. గోడ పునాది క్రిందికి మాత్రం త్రవ్వరాదు.

చెక్కిన మొరంతో పై భాగాన్ని చదును చేసి, రెండింటి నడుమ రాతికట్టు కట్టండి. మన వూళ్లో రాయికి కొదువ లేదు. మొదటి వరుస అర అడుగు భూమిలో వుండాలి. కట్టు ఎత్తు ప్రతి అడుగుకు రెండు అంగుళాలు వెనక్కు వాలాలి. సున్నం, సిమెంటు పెట్టకండి. సందుల్లోంచి నీరు కారిపోనివ్వాలి. వెనుక కంకర నింపండి. కట్టు మూడు అడుగులు దాటితే అనుభవమున్న మేస్త్రీని పిలవండి. మొరం ఒక్కసారిగా పోయక, ఆరంగుళాల పొరలుగా నీరు చల్లి దిమ్మిసతో కొట్టవలెను. ఆ తరువాతనే దాచిన మంచి మట్టి పరవండి. చెరువు పూడిక దొరికితే కొంత కలపండి.

మునగ పై చదునులో పెట్టండి. నీరు నిలిస్తే అది చచ్చును. అరటి కాలువ చివర పెట్టండి.

విస్తరణాధికారులు ఒక్క పెరడు దగ్గరుండి చేయించితే, వాడలో మిగిలినవారు చూచి చేసుకొందురు.

తొలివాన పడగానే గొంగడి కప్పుకొని పెరట్లోకి పొండి. నీరు నిలిచినచోట ఒక పుల్ల గ్రుచ్చండి. వాన వెలిసి నేల ఆరినాక అక్కడ రెండు తట్టల మట్టి వేస్తే సరి.