పాదుకలు – పద్దులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



శ్రీరాముని పాదుకలను సింహాసనమున నుంచి, భరతుడు నందిగ్రామము నుండి పదునాలుగేండ్లు రాజ్యము నడిపెను. పాదుకలు ప్రతీక. వానిని చూచి ప్రజలు ధైర్యము పొందిరి. కాని భరతుడు అంతటితో తృప్తి చెందలేదు. రాముడు మరలి వచ్చిననాడు కోశమును, ధాన్యాగారమును, సైన్యమును పదిరెట్లు చేసితినని లెక్క యొప్పజెప్పెను. లెక్కలు వ్రాయువాడ నగుటచే నాకీ ఘట్టము మిక్కిలి ప్రియము.

ప్రతీకకును పనికిని గల యీ భేదమును రాజనీతిశాస్త్రమున విచారించిన విదుషి హన్నా పిట్కిన్. ఆమె 1931లో బెర్లిన్ నగరమున జన్మించి, బాల్యముననే అమెరికా చేరెను. 1967లో ప్రాతినిధ్యమను విషయముపై తన తొలి గ్రంథమును ప్రకటించెను. ప్రజలను పోలియుండుట యొకటి, వారికి ప్రతీకగా నిలుచుట యొకటి, వారి మేలుకై పనిచేయుట వేరొకటి యని యందు వివరించెను. జాతిభేదములను, స్త్రీపురుష భేదములను పరిశోధించు తరువాతి పండితులకు ఈ విభాగము కొలబద్ద యయ్యెను.

ఆ కొలబద్దతో షర్లీ చిజమ్ చరిత్రను కొలిచి చూతము. 1968లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్ నుండి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన యామె, ఆ సభకు ఎన్నికైన ప్రథమ నల్లజాతి మహిళ. నగరవాసుల ప్రతినిధియైన ఆమెను వ్యవసాయ సంఘమున వేసిరి. ఆమె సమ్మతింపక, తన పార్టీ సభ్యుల సమావేశమున లేచి నిరసించి, వేరొక సంఘమునకు మార్పించుకొనెను. 1972లో గెలుపు దుర్లభమని యెరిగియు దేశాధ్యక్ష పదవికై డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వమును కోరెను. పార్టీ మహాసభలో 152 ఓట్లు లభించెను. ఇది ప్రతీక.

ఇక పద్దు. 1938 నాటి కనీస వేతన చట్టము ఇతరుల యిండ్లలో పాచిపని, వంటపని చేయువారిని విడిచిపెట్టినది. వారిలో నల్లజాతి స్త్రీలు పెక్కుమంది. చిజమ్ తల్లియు నట్టి పని చేసినదే. 1974 సవరణతో వారికిని కనీస వేతనము వర్తించెను. అందుకై సభలో పాటుపడినవారిలో చిజమ్ ముఖ్యురాలు.

అట్లయిన ప్రతీక వ్యర్థమా? కాదు. పాదుకలు లేనిచో భరతుని మాట చెల్లుట కష్టము. పాచిపని బాధ నింటనే చూచినవారు సభలో లేనిచో, ఆ ప్రశ్న నడుగువారే యరుదు.

మన దేశమున 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలలో మూడవ వంతుకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు కేటాయించినది. అయినను కుర్చీలో భార్య, కాగితముపై భర్త చేతివ్రాత గల గ్రామములు నేటికిని కలవు. అచట పాదుకలున్నవి, పద్దు లేదు. కావున సోదరులారా, సోదరీమణులారా, గ్రామసభలో లెక్క నామె భర్త నడుగవలదు, ఆమెనే యడుగుడు. ఆమె చెప్పునంతవరకు ఓపికతో వినుడు.

సెలవు.