ఎల్ల దాటని పట్టము



సూరతునకు వచ్చిన తెలుగు నేతగానికి పట్టము అక్కరలేదు. మగ్గముమీది గుడ్డయే సాక్ష్యము చెప్పును. వైద్యుని నేర్పును రోగిపై పరీక్షించి చూడరాదు. కావుననే ప్రతిదేశమును వేరుగా అనుమతి పొందుమనును.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసులో ఎల్.ఎం.ఎస్. పట్టమునంది బోస్టను చేరెను. ఆ పట్టముతో అచ్చట వైద్యము చేయుటకు అనుమతి లేకపోయెను. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను కడిగి పొట్టపోసికొనుచు హార్వర్డులో చదివెను. 1929లో ఫిస్కెతో కలిసి, ప్రాణికణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని కనుగొనెను, 1930లో డాక్టరేటు పొందెను.

నేడును విదేశమున వైద్యము చదివి మరలివచ్చు భారతీయులలో పెక్కుమందికి, 2002 నుండి అమలులోనున్న అర్హతాపరీక్షలో ఉత్తీర్ణత తప్పదు. బిడ్డలను పంపు తల్లిదండ్రులు ముందుగా ఆ పట్టము ఎచ్చట చెల్లునో విచారింతురుగాక!