వెనక కుంగిన బండి
పశ్చిమ ఆస్ట్రేలియాలో గిబ్ రివర్ రోడ్డుంది. 600 కిలోమీటర్లకు పైనే, చాలావరకు గతుకుల మట్టిదారి. అక్కడ టూరింగుకెళ్లే హైలక్స్ పికప్ బండి వెనక నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్, అదనపు డీజిల్... బండి వెనక కుంగి ముందు లేస్తుంది. స్టీరింగు తేలిపోతుంది.

మరి గట్టి కమాను కట్టలు వేద్దామా? వేయొచ్చు. కానీ బరువు ఎప్పుడూ ఉండే బండికే. ఖాళీగా తిరిగే బండికి వేస్తే మన నడుం విరుగుతుంది! షాక్ అబ్జార్బర్లూ మార్చాలి. గతుకుల్లో పాతవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కట్టలకు తోడుగా వేసే ఎయిర్‌బ్యాగులా? చవకే. కానీ వాటితో అతిబరువు మోయించి ఛాసిస్ వంచుకున్నవాళ్లూ ఉన్నారు.

ఒకటి గుర్తుంచుకోండి. కట్టలు మార్చినంత మాత్రాన చట్టం ఒప్పే బరువు పెరగదు. దానికి వేరే ధ్రువీకరణ కావాలి. ముందు నిండుబండిని కాటా ఎక్కించండి. ఆ తూకం చీటీ చూపించి, తగిన కట్టలు అడగండి.