తెర వెలుగనిచో

ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో నేడు అడంగలు మొదలుగా గల పత్రములను కంప్యూటరు తెరమీదనే చూడవలసి వచ్చుచున్నది. దరఖాస్తు గడువు ముగియు దినమున ఆ తెర నల్లనై యున్నచో రైతునకు గుండె జాఱును. అంతమాత్రమున యంత్రము చెడినదని తలచి ఆత్మకూరునకు మోసికొని పోనక్కఱలేదు.

మొదట తెర యంచున నుండు చిన్న దీపమును జూడుడు. అది వెలుగనిచో విద్యుత్తు రాలేదేమో; ప్లగ్గును, స్విచ్చును పరీక్షింపుడు. దీపము వెలిగియు బొమ్మ రానిచో దోషము తఱచుగా రెండవ తీగయందుండును. యంత్రము నాపి, తీగ నిరుప్రక్కల నూడదీసి, లోని సూదులు వంగలేదని చూచి, మరల గట్టిగా బిగింపుడు.

మొదట తయారుచేసినవారి పేరు కనబడి, పిమ్మట తెర నల్లనైనచో, తీగ సాధారణముగా మంచిదే; లోపము లోపలి యేర్పాటులో వెదకవలెను. అప్పుడు పనివానిని బిలుచుట యుక్తము.

తెరను మాత్రము విప్పరాదు. పాత గాజుగొట్టపు తెరలలో, ఆపిన పిదప గూడ, ప్రమాదకరమగు విద్యుత్తు నిలిచి యుండును. కారణము నెఱిగి చికిత్స చేయుట యంత్రమునకును ధర్మమే.