చిన్న వ్యాపారానికి వడ్డీ లేని చేబదులు

 

నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ సందుల్లో మన ఆడపడుచులు నడిపే వ్యాపారాలు మనకు తెలియనివి కావు. ఒకరిది కుట్టుమిషన్, ఒకరిది మగ్గం వర్క్, మరొకరిది కర్రీ పాయింట్. వీరికి పనితనం కొరవ లేదు. సరుకు కొనే రోజున చేతిలో డబ్బు ఉండదు, అంతే.

ఆ రోజున దొరికేది డైలీ ఫైనాన్స్. పదివేల అప్పంటే ముందే వెయ్యి పట్టుకుని 9,000 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. తీరగానే మళ్లీ తీసుకుంటూ పోతే ఏడాదికి 3,600కు పైగా వడ్డీకే పోతుంది. రోజూ కట్టేస్తారు కనుక, వారి దగ్గర సగటున నిలిచే అప్పు ఐదువేలు కూడా ఉండదు!

వడ్డీ ఒక్కటే కాదు, వసూలు తీరూ ముఖ్యమే. ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడి ఎంత ముదిరిందంటే, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

మనకు ఖర్జె హసనా ఉంది. వడ్డీ లేని ఆ చేబదులును పనిని బట్టి ఇద్దాం. కుట్టుపని చేసే ఆమె రమజాన్ గిరాకీ కోసం షాబాన్‌లోనే లైనింగు, లేసు కొనాలి. డబ్బు చేతికొచ్చేది పండుగ ముందే. ఆమెకు రోజువారీ వాయిదా పనికిరాదు. అశోక్‌నగర్ కర్రీ పాయింట్‌కు రోజూ డబ్బు వస్తుంది. అయితే ఉద్యోగ పరీక్షలు ముగిసి పిల్లల గదులు ఖాళీ అయితే కూర మిగిలిపోతుంది. అలాంటప్పుడు గడువు పెంచాలి. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వ్యవధి ఇవ్వమని దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరాలో బోధిస్తోంది కదా!

జకాత్ అర్హుల హక్కు. అది వారికే చేరాలి. ఈ నిధికి మేము వేరుగా విరాళం అడుగుతున్నాం. మీరిచ్చే పదివేలు 100 రోజుల్లో తిరిగివస్తే, ఏడాదిలో మూడు ఇళ్లకు ఆసరా అవుతుంది. మరుసటి ఏడాదికీ మిగిలే ఉంటుంది.

హజ్రత్ ఖదీజా (రజి) స్వయంగా వర్తకురాలు. ఆమె పేరు తలచుకునే మనం, మన వీధిలో వ్యాపారం చేసుకునే ఆడపడుచును వడ్డీకి వదిలేయవచ్చా? అల్లాహ్ మన సంపాదనలో, వారి కష్టంలో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.